తీసెయ్యమన్న వస్తువుల చరిత్ర

తెలుగులో ప్రేమకి కొలమానం కనురెప్ప. కూతుర్ని కంటికి రెప్పలా పెంచామంటారు, అత్తగారిని కంటికి రెప్పలా చూసుకోమంటారు. కాపలా కాసే ఆ రెప్పని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న మాత్రం మన నుడికారంలోకి రాలేదు. ఒంటి మీద అన్నిటికంటే పలచటి చర్మం రెప్పదే. దాదాపు అర మిల్లీమీటరు మందం. దాని కింద కొవ్వు పొర కూడా లేనట్టే. అరచేయి ఓర్చుకునేదాన్నీ, మాడు ఓర్చుకునేదాన్నీ రెప్ప ఓర్చుకోలేదు.

కంటి చుట్టూ వచ్చే ఎగ్జిమా ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే దాని గురించి ఎవరూ రాయరు. ముందు దురద, తర్వాత ఎరుపు, వాపు, పొట్టు రాలడం, చివరికి చర్మం మందమెక్కి నల్లబడటం. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. కొన్ని ఏళ్ళుగా దీనితో కాపురం చేస్తున్నదాన్ని కనుక నాకు తెలిసిన సంగతి ఒకటుంది. రెప్పలెర్రబడ్డ ఆడమనిషిని చూస్తే లోకం జబ్బు అనుకోదు. "ఏడ్చావా?" అంటుంది. "రాత్రంతా నిద్ర లేదా?" అంటుంది. పక్కింటావిడ గొంతు తగ్గించి "ఇంట్లో ఏమైనా గొడవా?" అంటుంది. ఆడవాళ్ళ కళ్ళు ఎర్రబడటానికి మన సమాజానికి తెలిసిన కారణం ఒక్కటే మరి! ఆ కారణాన్ని ఎంత మామూలుగా తీసుకున్నామో కూడా ఈ ప్రశ్నల్లోనే బయటపడుతుంది.

ఈ జబ్బుకో చిత్రమైన గుణం ఉంది. చాలాసార్లు నేరం జరిగేది ఒకచోట, శిక్ష పడేది రెప్పకి. గోళ్ళరంగు గోళ్ళ మీద ఏ ఇబ్బందీ పెట్టదు. అదే వేలితో కన్ను నలుపుకుంటే రెప్ప వాస్తుంది. జుట్టుకి వేసిన రంగు మాడు మీద ఊరుకుని కంటి దగ్గర బయటపడుతుంది. ఉంగరం, తలనూనెలోని అత్తరు, వంటింట్లో చేతికి తగిలినవి, గాలిలో ఎగిరే పుప్పొడి, అన్నీ రెప్ప మీదే వచ్చి వాలతాయి. అందుకని ఈ జబ్బుని పట్టుకోవాలంటే వైద్యులు ఆ స్త్రీ దినచర్య మొత్తం అడగాలి. ఏం తాకుతుంది, ఏం తోముతుంది, ఏం పెట్టుకుంటుంది, ఎవరి పొలంలో కలుపు తీస్తుంది. అంటే చరిత్ర అడగాలి.

రెప్పల జబ్బులు వైద్యానికి కొత్తవేం కాదు. సుశ్రుతుడు 76 నేత్రరోగాలు చెప్పి, అందులో 21 రెప్పలవేనని విడిగా లెక్కపెట్టాడు. రెప్పల మీద పట్టు వేసే పద్ధతికి ఆయుర్వేదంలో బిడాలకం అని పేరు. ఆ పట్టులో వాడే వాటిలో లొద్దుగ చెక్క ఒకటి. ఆధునిక వైద్యంలో ఈ కథ 1895లో మొదలైంది. బ్రెస్లావ్ నగరంలో యోసెఫ్ యాడసోన్ అనే చర్మవైద్యుడు, పాదరసపు మందు పడని రోగి చర్మం మీద అదే మందు కొద్దిగా పూసి, అక్కడ మళ్ళీ ఎగ్జిమా పుట్టడం చూపించాడు. ఇవాళ ప్యాచ్ టెస్ట్ అంటున్నది దాని సంతానమే. అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న బిళ్ళలుగా వీపుకి అంటించి, రెండు రోజులుంచి, తర్వాత చదువుతారు. రెప్ప మీద పడ్డ శిక్షకి సాక్ష్యం వీపు మీద దొరుకుతుంది.

ఈ సాక్ష్యాన్ని కృష్ణా డెల్టా దిగువన, బందరు, గుడివాడ, దివిసీమల్లో చదివితే ఏం కనిపిస్తుంది? నాకు కనిపించింది రెండు పరిశ్రమలూ, ఒక కలుపుమొక్కా, బోలెడు సంప్రదాయమూ.

మొదటిది రంగు. 1605లో డచ్చివాళ్ళూ, 1611లో ఇంగ్లీషువాళ్ళూ బందరులో దిగింది ఈ తీరపు అద్దకం బట్టల కోసం. ఆ బట్టల ఎరుపు చిరివేరుది. కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన గుడ్డ మీద పటిక అద్ది, చిరివేరుతో ఉడికిస్తే వచ్చే ఎరుపు. ఉతికేకొద్దీ నిగ్గుతేలేది. 1868లో ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపుకి మూలమైన అలిజరిన్‌ను తారు నుంచి తీసిన పదార్థంతో తయారుచేశారు. వేరు తవ్వే పని పోయింది. పెడనలో ఈనాటికీ కలంకారీ ఎరుపుకి అలిజరిన్ వాడతారు. బొగ్గు తారు ఒక్క బట్టల దగ్గర ఆగలేదు. అదే రసాయన శాస్త్రం పెట్టిన పిల్లలు ఎజో రంగులు. అదే వంశంలోది పారా ఫినైలిన్ డయమిన్, జుట్టు నలుపు చేసే రంగు. చిరివేరుని చంపిన శాస్త్రం మెల్లగా కుంకుమ భరిణెలోకీ, తలలోకీ వచ్చి చేరింది.

మన అమ్మమ్మలు పసుపుకొమ్ములకి నిమ్మరసం, పటిక, వెలిగారం పట్టించి ఎండబెట్టి దంచి కుంకుమ చేసేవారు. అంగడి కుంకుమలో పసుపు తగ్గి ఎజో రంగు పెరిగింది. 1980లలో నుదురూ ముఖమూ నల్లబడ్డ స్త్రీలను పరీక్షించిన చర్మవైద్యులు కుంకుమలోని సుడాన్-1 వంటి రంగులను పట్టుకున్నారు. తర్వాత స్టిక్కర్ వచ్చింది. చెమటకి కారదు, చెరగదు, ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళకి వీలు. అలహాబాద్ వైద్యులు 1990లో ఆ జిగురులోని పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ చర్మంలో రంగునిచ్చే కణాలను దెబ్బతీసి తెల్లమచ్చ తెస్తుందని చూపించారు. ఒకటి నలుపు చేస్తుంది, ఇంకొకటి తెలుపు చేస్తుంది. రెండూ సౌభాగ్య చిహ్నాలే.

కళ్ళకి నేరుగా పెట్టే కాటుక సంగతి వేరు. ఆముదపు దీపం మీద గిన్నె బోర్లించి పట్టిన మసి, నెయ్యో ఆముదమో కలిపి చేసిన ఇంటి కాటుక ఒకటి. సీసం ఖనిజం నూరి చేసిన సుర్మా మరొకటి. సీసం వల్ల జరిగే హాని కంటి చర్మంతో ఆగదు. చంటిపిల్లల నెత్తురులోకి పోతుంది. పిల్ల కళ్ళు పెద్దవి కావాలని తల్లి పెట్టే వస్తువులో ఏముందో తల్లికి చెప్పే బాధ్యత ఎవరిది?

ఆ బాధ్యత ఎవరిదో తేల్చడానికి అమెరికాలో ఆడవాళ్ళు కళ్ళు పోగొట్టుకోవలసి వచ్చింది. 1933 ప్రాంతాల్లో లాష్ లూర్ అనే రెప్పవెంట్రుకల రంగు అక్కడ అమ్మకంలో ఉంది. అందులో ఉన్నది పైన చెప్పిన పారా ఫినైలిన్ డయమినే. ఒక స్త్రీ చూపు పోయింది, మరొకరు చనిపోయారు. అప్పటి చట్టంలో సౌందర్య సాధనాల ప్రస్తావనే లేదు కనుక ప్రభుత్వం ఆ సరుకుని ఆపలేకపోయింది. ఆ శాఖలో పనిచేసిన రూత్ లాంబ్ 1936లో ఇలాంటి కేసులన్నీ పుస్తకంగా తెచ్చారు. మహిళా సంఘాలు పట్టుబట్టాయి. 1938లో కొత్త చట్టం వచ్చింది. మన దేశంలో 1940 నాటి చట్టం డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంగా ఇవాళ అమల్లో ఉంది. సంతలో కాగితం పొట్లాంలో అమ్మే కుంకుమ మీద అది ఎంతవరకు పనిచేస్తుందో కొనేవాళ్ళకి తెలుసు.

రెండో పరిశ్రమ నగ. బందరు చిలకలపూడి పేరు చెబితే పాండురంగడి గుడి తర్వాత గుర్తొచ్చేది రోల్డ్‌గోల్డ్. బంగారం కొనలేని ఇళ్ళల్లో పెళ్ళికూతురి మెడ బోసిగా ఉండకుండా కాపాడిన పరిశ్రమ అది. ఎన్ని పేద ఇళ్ళ పరువు నిలబెట్టిందో! రాగి, ఇత్తడి తీగల మీద పలచటి బంగారు పూత. చౌక నగల్లో మెరుపుకీ గట్టిదనానికీ బంగారం కింద నికెల్ పూత కూడా ఉంటే, చిక్కు అక్కడ మొదలవుతుంది. పూత అరిగాక చెమటలోని ఉప్పు నికెల్‌ను కరిగిస్తుంది. సముద్రం పక్క ఊళ్ళో చెమటకి కరువా! చెవితమ్మె చీకుతుంది, మెడ చుట్టూ దద్దురు, ఆ తర్వాత వేలి ద్వారా రెప్ప. నికెల్ పడకపోవడం పురుషుల్లో కంటే స్త్రీలలో బాగా ఎక్కువ. దానికి కారణం ఆడ చర్మం బలహీనం కావడం కాదు, చిన్నప్పుడే చెవులు కుట్టి లోహం దూర్చడం. ఒకసారి ఒళ్ళు నికెల్‌ను గుర్తుపట్టిందంటే జన్మంతా మరిచిపోదు. డెన్మార్క్ 1990 నాటికే నగల్లోంచి కారే నికెల్‌కి హద్దు పెట్టింది. యూరప్ దేశాలు 1994లో అదే దారి పట్టాయి. ఆ తర్వాత చెవులు కుట్టించుకున్న డేనిష్ అమ్మాయిల్లో ఈ ఎలర్జీ తగ్గింది. చర్మాన్ని మార్చలేదు, లోహాన్ని మార్చారు.

పెట్టుకునేవాళ్ళ గురించే మాట్లాడి చేసేవాళ్ళను వదిలేస్తే సగం చరిత్రే. గొలుసు కడియలు కలపడం, రాళ్ళు పొదగడం, పూసలు గుచ్చడం లాంటి పనులు ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేస్తారు. లెక్క కట్టి కూలి. వంటకీ వంటకీ మధ్య చేసే పని కనుక దాన్ని పని అనరు, "ఖాళీగా కూర్చోకుండా" అంటారు. రోజంతా లోహం తడిమిన వేళ్ళతోనే పిల్లకి అన్నం పెడుతుంది, కన్ను దురదపెడితే ఆ వేళ్ళతోనే నలుపుకుంటుంది. "నికెల్ ముట్టుకోవద్దు" అని ఆమెకి చెప్పడం తేలిక. ముట్టుకోకపోతే ఆ రోజు కూలి?

ఇక కలుపుమొక్క. గుడివాడ నుంచి ఏ దిక్కుకి వెళ్ళినా రైలుకట్ట మీదా, కాలవగట్ల మీదా, దివిసీమ బీళ్ళలో కూడా తెల్లటి చిన్నపూల మొక్క కనిపిస్తుంది. శాస్త్రీయనామం పార్థీనియం. అమెరికా ఖండాల మొక్క. 1950లలో పుణె దగ్గర జనం కంటబడి దేశమంతా పాకింది. 1954 నాటి పీఎల్-480 పథకం కింద వచ్చిన గోధుమలతో దిగిందని చెప్పుకుంటారు గానీ, అంతకంటే చాలా ముందే అది దేశంలో ఉందని వృక్షశాస్త్రజ్ఞుల ఆధారాలున్నాయి. ఎండిన మొక్క పొడి గాలిలో ఎగిరి రెప్పల మీద, మెడ మడతల్లో, మోచేతి మడతల్లో పడి తీరని ఎగ్జిమా తెస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రీచా వంటి వైద్యులు దశాబ్దాల పాటు దీని మీద పనిచేశారు. మొక్కని తినే మెక్సికో పెంకుపురుగుని 1984లో బెంగళూరులో వదిలారు. మొక్క ఇంకా ఉంది.

దానికి మనవాళ్ళు పెట్టిన పేరు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు గానీ, వ్యవసాయశాఖ కరపత్రాల్లో నిలబడ్డది భామే. పిలవకుండా వచ్చింది, చూడ్డానికి సన్నగా తెల్లగా ఊగుతుంది, దగ్గరకెళితే ఒళ్ళు చెడుతుంది, కనుక ఆడదై ఉండాలి! "వయ్యారిభామను సమూలంగా నిర్మూలిద్దాం" అన్న నినాదాన్ని ఎవరూ ఇబ్బందిపడకుండా చదువుతారు. పేరు పెట్టిన మనిషి కలుపు తీసిన మనిషి అయి ఉండడు. నాట్లూ కలుపూ ఈ డెల్టాలో ఆడకూలీల పని. చేతికి తొడుగు లేకుండా పీకేది వాళ్ళు, వాచిన రెప్పలతో మర్నాడు మళ్ళీ పనికి పోయేది వాళ్ళు. వాళ్ళను పేరు పెట్టమంటే ఏం పెట్టేవారో.

భామ అంటే ఈ ప్రాంతంలో ఇంకొకరు గుర్తుకు రావాలి. మొవ్వ పక్కన కూచిపూడి. అక్కడ శతాబ్దాల పాటు సత్యభామ వేషం మగవాళ్ళది. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) భామ వేషం కట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ముఖానికి రంగూ, కంటికి కాటుకా, జడా, నగలూ, అన్నీ స్త్రీవే. పాత వీధి భాగవతాల్లో ముఖానికి అర్దళం పూసుకునేవారు. అది పాషాణపు ఖనిజం, చర్మానికి మంచిది కాదు. కానీ ఆట అయ్యాక ఆ నటుడు రంగు కడుక్కుని మామూలు మనిషయ్యేవాడు. అదే బొట్టూ కాటుకా నగా ఒక స్త్రీ తీసేసినప్పుడు ఆమె మామూలు మనిషి కాదు. ఏదో కోల్పోయిన మనిషి అవుతుంది.

ఈ జబ్బులో నిజమైన చిక్కు ఇదే. చర్మవైద్యంలో దీనికి మొదటి మందు ఒక క్రియాపదం: తీసెయ్యండి. స్టిక్కర్ తీసెయ్యండి, కుంకుమ ఆపండి, గొలుసు తీసెయ్యండి, మెట్టెలు మార్చండి, గాజులు కొన్నాళ్ళు వద్దు. మనదేశంలో ఈ మాటలు ఆడవాళ్ళు ఇంకెక్కడ విన్నారు? భర్త పోయిన పదోరోజున. బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, పుస్తెలు తీసిన అదే వరస. ఒక వైద్యుడు మంచికే చెప్పిన జాబితా, ఆ స్త్రీ చెవికి అశుభంగా వినిపిస్తే తప్పు ఆమెది కాదు. ఇంటికొచ్చి చెబితే అత్తగారు "నీకు అలాంటి మాటలు చెప్పిన డాక్టరెవరు?" అంటుంది. నిజమైన బంగారం కొనే స్తోమత ఉన్నవాళ్ళకి ఒక దారుంది. లేనివాళ్ళకి అయిదోతనం చర్మం మీద మంటగా ఉంటుంది.

తెల్లమచ్చ వస్తే ఇంకో రకం శిక్ష. అది స్టిక్కర్ జిగురు వల్ల వచ్చిందని ఎవరూ నమ్మరు. బొల్లి అంటారు, పెద్దరోగం మొదలేమో అంటారు. పెళ్ళికాని పిల్ల నుదుటి మీద అలాంటి మచ్చ పడితే తల్లిదండ్రులు ముందు చేసేది దాన్ని కప్పడానికి ఇంకా పెద్ద స్టిక్కర్ పెట్టడం. ఏది మచ్చ తెచ్చిందో దానితోనే మచ్చని దాచడం. చట్టం కూడా ఆ భయాన్ని చాలాకాలం మోసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకి కారణంగా 2019 దాకా ఉంది.

ఈ తీరానికి స్త్రీలు కలిసి మాట్లాడుకునే సంప్రదాయమూ ఉంది. భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబలు బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది 1902లో. ఆనాటి నుంచి స్త్రీల పత్రికల్లో ఆరోగ్యం మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రిక పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల గర్భాశయ వ్యాధులకి లోధ్ర అనే మందు చేసి అమ్మినవారే. పేరు చెబుతున్నట్టే అది లొద్దుగ. ఆయుర్వేదం రెప్పల మీద పట్టు వేసే చెక్క స్త్రీల పత్రికకి పెట్టుబడి అయింది! రచయిత్రులకి ఆ పత్రిక ఇచ్చిన బహుమతి స్వర్ణకంకణం. స్త్రీ ఆరోగ్యమూ, స్త్రీ రచనా, స్త్రీ అలంకారమూ ఒకే చోట ముడిపడ్డ సందర్భం అది. ఆ ముడి విప్పి చూసిన వ్యాసం మాత్రం ఇంకా రావాలి.

మందుల చరిత్రలో కూడా స్త్రీలకి రెండు ముఖాలు కనిపిస్తాయి. 1952లో హైడ్రోకార్టిసోన్ పూతమందు వచ్చాక ఎగ్జిమా వైద్యం మారిపోయింది. రెండు రోజుల్లో ఎరుపు పోయే మందు అంతకుముందు లేదు. ఆ వెనకే అంతకంటే ఎన్నో రెట్లు బలమైన స్టెరాయిడ్లు వచ్చాయి. అవి ముఖాన్ని తాత్కాలికంగా తెల్లబరుస్తాయని తెలిసి, మన మందుల షాపుల్లో తెల్లబడే క్రీములుగా చెలామణీ అయ్యాయి. రెప్ప మీద నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, మానేస్తే మంట రెట్టింపవుతుంది, కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా, శుక్లం వచ్చే ప్రమాదముంది. చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి అడిగాక 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని ప్రకటించింది. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూత 2000లో అమెరికాలో అనుమతి పొంది ఇక్కడికీ వచ్చింది. రెప్పలకి అది మేలైన ప్రత్యామ్నాయం, మొదట్లో మంట పెడుతుంది.

రోజువారీ బతుకులో ఈ జబ్బుని అదుపులో పెట్టుకోవడం సహనంతో కూడిన పని. రేగినప్పుడు కొన్ని వారాలు ముఖానికి ఏమీ రాయకుండా, చల్లటి తడిగుడ్డా, వాసన లేని వాజలీనూ. స్టెరాయిడ్ కావలసివస్తే తక్కువ బలంది, తక్కువ రోజులు, వైద్యుల అదుపులో. తగ్గాక ఒక్కొక్క వస్తువునే తిరిగి మొదలుపెట్టడం, రెండిటి మధ్య వారం పది రోజులు ఎడం ఉంచడం. డైమిథైల్ గ్లయాక్సిమ్ చుక్క వేసి దూదితో రుద్దితే, నికెల్ ఉన్న నగ దూదిని గులాబీరంగు చేస్తుంది. గిల్టు నగలకి పారదర్శకమైన గోళ్ళరంగు పూసుకుంటే సరిపోతుందని చాలామంది చెబుతారు. ఆ గోళ్ళరంగులోని రెజిన్ కూడా రెప్పలకి ఎలర్జీ తేగలదని చెప్పరు. మొక్క పీకేటప్పుడు తొడుగులు, నిండుచేతుల చొక్కా, మొక్క పూత పట్టకముందే పీకడం. ఇవన్నీ కూలివాడలో ఎవరికి అందుతాయన్నది వైద్యుల ప్రశ్న కాదు, మనది.

బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రంగూ, లోహమూ, పుప్పొడీ మూడూ కలిసిన ఊళ్ళ మధ్య అది ఉంది. చిలకలపూడి ఇళ్ళల్లో గొలుసులు అల్లేవాళ్ళనీ, పెడన అద్దకం పాకల్లో పనిచేసేవాళ్ళనీ, అవనిగడ్డ వైపు కలుపు తీసేవాళ్ళనీ వరసగా కూర్చోబెట్టి వీపు మీద బిళ్ళలు అంటించి చూస్తే, ఈ డెల్టా ఆడవాళ్ళ శ్రమచరిత్రలో ఇప్పటిదాకా ఎవరూ రాయని అధ్యాయం ఒకటి చేతికొస్తుంది. ఆ పని వైద్యులు చెయ్యాలి. వాళ్ళు ఏమేం తాకారో, తీసెయ్యమన్నప్పుడు ఏమనుకున్నారో అడిగి రాసుకోవలసింది మాత్రం మనమే.